ఉప్పును మబ్బు అనుకున్న చోట

ఆకాశం నుంచి తీసిన ఫొటోలంటే జనానికి భలే గౌరవం. నా పని ఏమిటో చెప్పగానే పెళ్లి విందుల్లో కూడా పక్కకి జరిగి చోటిస్తారు. నిజానికి నేను చేసేది పాచిపని. ఉపగ్రహం పంపిన ఫొటోల్లో మబ్బులు తుడవడం, మబ్బుల నీడలు తుడవడం, దుమ్ము పొరను పల్చన చెయ్యడం, ఒక రోజు ఫొటో మీద ఇంకో రోజు ఫొటోను వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టడం. ఇల్లు ఊడ్చి చాప పరిచినట్టన్నమాట. ఆ చాప మీద కూర్చుని ఎక్కడ నీళ్లు తగ్గాయి, ఎక్కడ రెల్లు చచ్చింది, ఎక్కడ మట్టి తేలింది అని తేల్చే పెద్దమనుషులు వేరే. వాళ్లు బాగ్దాదులో చల్లటి గదుల్లో ఉంటారు. నేను మాత్రం ఫొటోల్ని నేలతో సరిచూడమని పంపితే వచ్చి, ఖుషైబాలో, పిల్లలు లేక మూతబడిన బడిలో ఒక గది ఊడ్చుకుని ఉంటున్నాను.

ఖుషైబా అంటే ఒకప్పుడు హోర్ అనే పెద్ద చిత్తడి ఒడ్డున నలభై గడపల ఊరు. కనుచూపు మేర నీళ్లు, నీళ్ల మీద రెల్లు, రెల్లు మధ్య పడవలు, గేదెలు. నేను వచ్చేసరికి హోర్‌లో మిగిలింది పగుళ్లిచ్చిన నేల, దాని మీద తెల్లగా పేరుకున్న ఉప్పు. గేదెలున్న వాళ్లు నీళ్లు వెతుక్కుంటూ ఉత్తరానికి పోయారు, లేని వాళ్లు బస్రాకి పోయారు. ఊరు మొత్తానికి మిగిలిన మనుషులం ఇద్దరం. బడిలో నేను, బడి పక్కన రెల్లు ఇంట్లో ఉమ్ సహైన్.

ఉమ్ అంటే అమ్మ, సహైన్ ఆమె కొడుకు. మా వైపు తల్లిని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు కాబట్టి ఆమె సొంత పేరు ఏమిటో నేనెప్పుడూ అడగలేదు. డెబ్బై దాటిన మనిషి. గడ్డం మీద ఆకుపచ్చ పచ్చబొట్టు, నోట్లో ముందుపళ్లు లేవు, మాట మాత్రం పళ్లున్నవాళ్ల కంటే గట్టిది. మొదటిరోజే బియ్యప్పిండి రొట్టె, ఎండుచేప తెచ్చి నా బల్ల మీద పెట్టి, "తిను. మీ బస్రావాళ్లు తినేది తిండి కాదు," అని వెళ్లిపోయింది. ఆ తర్వాత నాకు వండుకునే అవసరం రాలేదు. నాకు తల్లి లేదు. బస్రాలో నేను అద్దెకుండే గదికి రెండు నెలలు తాళం వేసి ఉన్నా అడిగే దిక్కు లేదు. అందుకని ఆమె తిట్లు కూడా నాకు తియ్యగానే ఉండేవి.

ఒక్క విషయమే నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు. అది ఆమె పిలుపు.

హోర్‌లో గేదెలు పొద్దున్నే తమంతట తామే ఈదుకుంటూ మేతకు పోయేవి. సాయంత్రం ఇంటి ఆడవాళ్లు ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలిచేవాళ్లు. ప్రతి గేదెకూ ఒక పేరు, ప్రతి ఇంటికీ ఒక పిలుపు. ఎన్ని మందలు కలిసిపోయినా, తన ఇంటి పిలుపు విన్న గేదె తన ఇంటికే వచ్చేది. ఉమ్ సహైన్ ఆఖరి గేదెను కిందటేడు అమ్మేసింది. అయినా రోజూ పొద్దు వాలే వేళకు నల్లటి అబాయా చుట్టుకుని, ఉప్పునేల అంచున నిలబడి పిలిచేది.

"ధహబా... తా... తా... తా..."

ఆ పిలుపు ఎండునేల మీద చాలా దూరం పోయేది. తగిలి వెనక్కి రావడానికి ఎదురు ఏమీ లేదు కదా, పోయింది పోయినట్టే ఉండేది.

"లేని గేదెను ఎందుకు పెద్దమ్మా పిలుస్తావు?" అని ఒకరోజు నా గదికి టీ తెచ్చినప్పుడు అడిగాను.

"మరి కొడుకుని పిలవమంటావా?" అంది. "పొద్దు వాలాక హోర్ మీద మనిషి పేరు ఎత్తకూడదు నాయనా. పలికేది మనిషే అని ఏముంది? మా అత్త నెత్తి మీద మొట్టి మరీ నేర్పింది. ధహబా తప్పిపోతే మావాడు పడవేసుకుని వెతకబోయాడు. అదీ రాలేదు, వాడూ రాలేదు. గేదె వస్తే దాని వెనకాల వాడూ వస్తాడు. అందుకని గేదెనే పిలుస్తా."

ఇది ఏ ఏటి మాట అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. అడగాల్సింది అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

నా కంప్యూటర్ వైపు గడ్డంతో చూపించింది. "ఆకాశం నుంచి అంతా కనబడుతుందంటావుగా. నీ డబ్బాలో మావాడు కనబడతాడా?"

"కనబడడు పెద్దమ్మా. ఫొటో అంతా చిన్న చిన్న గళ్లుగా ఉంటుంది. పాత ఫొటోల్లో అయితే ఒక్క గడిలోనే నీ ఇల్లు, నా బడి, గేదెల పాక మొత్తం పట్టేస్తాయి. అందులో మనిషెక్కడ కనబడతాడు?"

"మరి ఏం కనబడుతుంది?"

"నీళ్లు ఎక్కడున్నాయో కనబడుతుంది."

"అది నాకూ కనబడుతుంది. నాకు కళ్లజోడు కూడా లేదు," అని ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

మంచినీళ్ల టాంకర్ తెచ్చేది చసీబ్. లావుపాటి మనిషి, హారన్ మోగిస్తూ, దాని మీద పాట పాడుతూ వస్తాడు.

"ఏం ఇంజనీరూ, ఇంకా బతికే ఉన్నావా? ముసల్ది తిండి పెడుతోందా, రెల్లు మేపుతోందా?"

"నీ నోట్లో ఉప్పు పడ!" అని ఇంట్లోంచే అరిచేది ఉమ్ సహైన్. "నీ పెళ్లాం వంట కంటే రెల్లే నయం!"

ఒకరోజు మాత్రం చసీబ్ నవ్వలేదు. తొట్టి నిండుతుండగా నన్ను టాంకర్ చాటుకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

"టాంకర్లు పంపే ఆఫీసులో నువ్వు చేస్తున్న పటం గురించే మాట్లాడుకుంటున్నారు. ఈ వేసవి పటంలో దగ్గర్లో నీళ్లూ రెల్లూ లేవని తేలిన ఊళ్లన్నీ జాబితాలోంచి కొట్టేస్తారట. కొట్టేసిన ఊరికి టాంకర్ ఉండదు. మరి ఈమెను ఏం చెయ్యాలి? చెల్లెలి కూతురు నాసిరియాలో ఉంది, తీసుకెళ్లి దించమంది. నేను ఎత్తుకెళ్లనా? కాళ్లూ చేతులూ కట్టి తీసుకెళ్లాలి!"

"ఆమెకి తెలుసా?"

"నేను చెప్పాను. 'నేను పోతే వాడు ఏ ఇంటికొస్తాడురా?' అంది. ఆ మాటకు జవాబు నీ దగ్గర ఉందా?"

జవాబు కాదు, నా దగ్గర ఒక చిల్లు ఉంది.

మబ్బుల్ని పట్టుకోవడానికి మేం ఒక ప్రోగ్రాం వాడతాం. తెల్లగా మెరిసే ప్రతిదాని మీదా అది ముసుగు వేసి, ఇది మబ్బు, దీన్ని లెక్కలోకి తీసుకోకు అంటుంది. తెలివైనదే కానీ ఎండిన హోర్ ముందు దాని తెలివి పనిచెయ్యదు. ఎండలో మెరిసే ఉప్పును చూసి మబ్బు అనుకుంటుంది. ఆ చోటును తుడిచేస్తుంది. ఖుషైబా వాకిట్లో, సరిగ్గా ఉమ్ సహైన్ నిలబడి పిలిచే చోటి నుంచి మొదలై ఒక పెద్ద ఉప్పుచెక్క ఉంది. వేసవి మొత్తంలో ఏ రోజు ఫొటో తీసుకున్నా అక్కడ ముసుగే. అన్ని ఫొటోలూ కలిపి పటం చేస్తే అక్కడ నల్లగా చిల్లు.

బస్రా ఆఫీసు నుంచి రాఫిద్ ఫోన్ చేశాడు. నేను పంపినవన్నీ ఒకచోట కూర్చేది వాడే.

"ఒరేయ్ నిబ్రాస్, నీ పటానికి చిల్లేంట్రా? ఎలక కొరికిందా?"

"ఉప్పురా. మబ్బు అనుకుంటోంది."

"ఈ ఎండల్లో మబ్బా! ఉంటే నాకూ ఒకటి పంపు, నెత్తి మీద పెట్టుకుంటా. ఏదో ఒకదానితో నింపి పంపెయ్."

"దేనితో నింపను? వేసవంతా అక్కడ ఉప్పే."

"వేరే నెలతో నింపు, వేరే ఏడాదితో నింపు. చిల్లు మాత్రం కనబడకూడదు. చిల్లుంటే పైవాళ్లు తిడతారు. నిండిన చోట ఏముందో ఎవడు చూస్తాడు?"

వాడు ఏదో మాట వరసకి అన్నాడు. నాకు మాత్రం అది మనసులో దిగిపోయింది.

పాత ఫొటోలన్నీ తీశాను. కొన్నిటి మీద దుమ్ము, కొన్నిటి మీద గీతలు. ఒక్కటే తేటగా దొరికింది, తొంభై రెండో సంవత్సరానిది. అందులో హోర్ నల్లటి ఆకుపచ్చగా నిండుగా ఉంది. ఖుషైబా వాకిలి దాకా నీళ్లు. చూస్తూ కూర్చుండిపోయాను. ఇలా ఉండేదా ఈ ఊరు! ఇంత అందమైన చోటులో పుట్టిన మనిషికి నాసిరియా సిమెంటు గది ఎలా సరిపోతుంది?

చిల్లు నింపేటప్పుడు ప్రోగ్రాం ఒక చిన్న గడి తెరిచి, ఏ ఏడాది ఫొటోతో నింపాలని అడుగుతుంది. 1992 అని కొట్టాను. చిల్లు పూడిపోయింది. ఎండిన నేల మధ్యలో, ఆమె వాకిటి ముందు, ముప్పై ఏళ్ల కిందటి నీళ్లు, రెల్లు. అంచులు చుట్టూ దగ్గరగా చూశాను. అతుకు ఎక్కడా కనబడలేదు. అంత చక్కగా అతకడం నా చేతికి అంతకుముందు ఎప్పుడూ కుదరలేదు. పటం పంపేశాను. ఒక ముసలావిడకు ఇంకో ఏడాది మంచినీళ్లు దొరుకుతాయంటే ఈ మాత్రం అబద్ధం నాకు బరువనిపించలేదు.

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే పిలవడానికి వెళ్లింది. "ధహబా... తా..." అని ఆగిపోయింది.

ఆమె ఎప్పుడూ మధ్యలో ఆగదు. నేను బయటికి వచ్చాను.

"ఏమైంది పెద్దమ్మా?"

"ముక్కు లేదా నీకు?" అంది, నా వైపు తిరగకుండానే. "నీళ్ల వాసన."

నిజమే. తడిమట్టి, కుళ్లిన రెల్లు, గేదె ఒంటి వాసన. ఎండిన ఉప్పు మీంచి చల్లగా వచ్చి మొహానికి తగిలింది. దూరంగా ఒక కప్ప అరిచింది. ఒక్కటే. మళ్లీ అరవలేదు. టాంకర్ తొట్టి కారుతోందేమోనని వెళ్లి చూశాను. తొట్టి చుట్టూ నేల పొడిగానే ఉంది.

మర్నాడు దుమ్ము లేచింది.

మా దక్షిణాన దుమ్ము కొత్త కాదు. కానీ ఆ మధ్యాహ్నం లేచిన దుమ్ము వేరు. పడమర నుంచి ఎర్రగా గోడ లేచినట్టు లేచి, భోజనాల వేళకు ఊరి మీద పడింది. ఎరుపు గోధుమరంగైంది, గోధుమరంగు నలుపైంది. పట్టపగలు నా చెయ్యి నాకు కనబడలేదు. జెనరేటర్ ఆపేశాను. ఫోన్‌లో సిగ్నల్ పోయింది. రెల్లు ఇల్లు ఊగుతుంటే వెళ్లి ఉమ్ సహైన్‌ను చెయ్యి పట్టుకుని బడిలోకి తెచ్చుకున్నాను. ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని, నల్లబల్ల కింద గోడకి చేరగిలబడి కూర్చున్నాం. పళ్ల మధ్య ఇసుక. ఎక్కడో రేకు ఒకటి కొట్టుకుంటోంది.

అలా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఉన్నట్టుండి గాలి పడిపోయింది. దుమ్ము మాత్రం కదలకుండా అలాగే నిలబడిపోయింది. రేకు చప్పుడు ఆగింది. నా ఊపిరి నాకే పెద్దగా వినబడుతోంది.

అప్పుడు... కప్పలు.

మొదట ఒకటి. తర్వాత పది. తర్వాత చుట్టూ... కిటికీ కిందనే... వందలు.

"విన్నావా?" అంది గుసగుసగా.

"గాలి పెద్దమ్మా."

"గాలి ఆగి ఎంతసేపైంది?"

కప్పల వెనకాల ఇంకో చప్పుడు ఉంది. మెల్లగా, ఆగి ఆగి. గడకర్ర నీళ్లలో దిగుతున్న చప్పుడు. పడవ పక్క రెల్లుకు రాసుకుంటూ వస్తున్న చప్పుడు. నేను హోర్ మనిషిని కాను, కానీ నదిపక్క పుట్టినవాణ్ణి. ఆ చప్పుడు నాకు తెలుసు. అది ఎండునేల మీద వచ్చే చప్పుడు కాదు.

ఉమ్ సహైన్ లేచింది. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే మనిషి ఒక్క ఊపున లేచింది. తలుపు తీసి ఆ చీకట్లోకి పిలిచింది.

"ధహబా... తా... తా... తా..."

వెంటనే గేదె అరిచింది. దూరంగా కాదు. బడి గోడకి అవతలే.

తర్వాత ఒక గొంతు.

"ఇంటివాళ్లూ..."

హోర్‌లో పడవ మీద వచ్చేవాళ్లు ఇల్లు చేరకముందే అలా కేకేస్తారు. లోపలివాళ్లు పలకాలి. వచ్చిందెవరని అడగరు, ఎందుకని అడగరు. పలకకుండా ఊరుకోవడం కంటే ఆ ఇంటికి అప్రతిష్ఠ లేదు. నాకు తెలుసు. తెలిసీ ఆమె నోరు మూయబోయాను.

"వద్దు... పలకొద్దు పెద్దమ్మా... నీకు దణ్ణం పెడతా..."

ఆమె నా చెయ్యి తీసేసింది. కోపంగా కూడా కాదు, తెలివితక్కువ పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"వాకిట్లోకొచ్చి పిలిస్తే పలకొద్దంటావా? నిన్నెవరు పెంచారు?" అని, బయటికి తిరిగి గొంతెత్తింది. "రా, రా! ఇల్లు నీదే!"

కప్పలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"అమ్మా..." కుర్ర గొంతు. తడిసిన గొంతు. "దొరికిందమ్మా... చాలా దూరం పోయింది..."

ఆమె గడప దాటింది. నేను ఫోన్ లైటు వేశాను. దుమ్ములో వెలుగు నాలుగడుగులు కూడా పోలేదు. ఆ నాలుగడుగుల లోపలే ఆమె ఉంది. ఆమె అబాయా అంచు... తేలుతోంది. చుట్టూ గుండ్రంగా విచ్చుకుని, నీళ్లలో దిగిన ఆడవాళ్ల బట్ట తేలినట్టు... గాలిలో తేలుతోంది. ఇంకో అడుగు వేసింది. మోకాళ్ల దాకా తడి. ఇంకో అడుగు. నడుము దాకా. నీళ్లు చీల్చుకుంటూ నడిచే మనిషిలా రెండు చేతులూ పైకెత్తింది. ఆమె కదిలినప్పుడల్లా నీళ్ల చప్పుడు వినబడుతోంది.

వంగి నేల తాకాను. దుమ్ము. వెచ్చగా, పొడిగా ఉంది.

"చాలా పొద్దుపోయింది," అంటోంది ఆ గొంతు, ఆమె అవతల నుంచి. "దీపం ఎందుకు పెట్టలేదమ్మా?"

ఉమ్ సహైన్ ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమె మొహంలో భయం లేదు. నేనెప్పుడూ చూడని నవ్వు ఉంది. ఆ నవ్వులో ముందుపళ్లు ఉన్నాయి.

"రా నాయనా," అంది. "ఒక్కడివే ఏం చేస్తావ్ ఇక్కడ?"

నా కాలు గడప మీద ఉంది. కాలివేళ్లకి చల్లగా ఏదో తగిలింది...

తలుపు వేసేశాను. గడియ పెట్టాను. బల్ల లాగి అడ్డం పెట్టాను. చెవులు మూసుకుని నల్లబల్ల కింద కూర్చుండిపోయాను. ఆమె మళ్లీ పిలిచిందో లేదో నాకు తెలియదు.

దుమ్ము దిగాక మర్నాడు చసీబ్ వచ్చాడు. ఇద్దరం వెతికాం. వెతకడానికి పెద్దగా ఏమీ లేదు. బడి గడప దగ్గర నుంచి ఆమె ఉత్తకాళ్ల జాడలు ఉప్పుచెక్క మీదుగా హోర్ లోపలికి పోయాయి. తిరిగి రాలేదు. చసీబ్ ఒక జాడ దగ్గర గొంతుక్కూర్చుని వేలితో గీకాడు. గోరు కూడా దిగలేదు. మెత్తటి బురదలో లోతుగా దిగిన పాదం, వేళ్ల సందుల్లో బురద పైకి ఉబికి, అలాగే ఎండి రాయైపోయింది. జాడ లోపల ఉప్పు పేరుకుని ఉంది.

"ఇది నిన్న పడిన జాడ కాదు," అన్నాడు. వాడి గొంతులో రోజూ ఉండే హుషారు లేదు. "బురద ఇంత గట్టిపడాలంటే ఏళ్లు పట్టాలి."

"సహైన్ ఎప్పుడు పోయాడు చసీబ్?"

"మా నాన్న చెప్పేవాడు. కాలవలు తవ్వి నీళ్లు మళ్లించారే, ఆ ఏడాది. తొంభై రెండు."

నేను అక్కడే కూర్చుండిపోయాను. ఒళ్లు బాగాలేదనుకుని వాడు నా మొహం మీద నీళ్లు చల్లాడు.

ముసలావిడ దుమ్ములో దారి తప్పింది అని పోలీసులు రాసుకుపోయారు. చెల్లెలి కూతురు వచ్చి ఏడ్చి, దుప్పట్లు, టీ గ్లాసులు మూటగట్టుకుని వెళ్లింది. ఖుషైబా కొట్టివేతలోకి రాలేదు. దగ్గర్లో నీళ్లున్నాయి కదా, పటంలో! చసీబ్ టాంకర్ వస్తూనే ఉంది. హారన్ మీద పాట మాత్రం మానేశాడు. ఊరు మొత్తానికి ఆ నీళ్లు తాగేది నేనొక్కణ్ణే. ఆమె పోయాక రొట్టె పెట్టేవాళ్లు లేరు, తిట్టేవాళ్లు లేరు. ఈ ఊళ్లో నేను ఎంత ఒంటరివాణ్ణో ఆమె ఉన్నన్నాళ్లూ నాకు తెలియనే లేదు.

ఇవాళ పొద్దున రాఫిద్ ఫోన్ చేశాడు.

"నిబ్రాస్, తొంభై రెండు ఫొటో ఏం చేశావురా?"

"ఏం చేశాను?"

"హోర్ అంతా నీళ్లు, ఖుషైబా ముందు మాత్రం ఒక ముక్క తెల్లగా ఎండిపోయి ఉంది. నీ పటంలో అదే ముక్కలో నీళ్లున్నాయి. కత్తిరించి తారుమారు చేసినట్టుంది. పాత ఫొటో ఎందుకు పాడు చేశావు?"

"నీ దగ్గరున్న ఫొటోను నేనెలా పాడు చేస్తాను?"

"ఏమో. నువ్వు ఆ నీళ్లు తీసేసి మామూలుగా ఉప్పే పెట్టి పంపు. లేకపోతే రేపు నేనే సరిచేస్తా."

"ముట్టుకోకు!" అని అరిచాను. "రాఫిద్, నీ కాళ్లు పట్టుకుంటా, అది ముట్టుకోకు."

ఆ నీళ్లు తీసేస్తే ఆమె ఎక్కడ ఉంటుంది? కొడుకు ఎక్కడ ఉంటాడు? వాడికి ఇది ఎలా చెప్పను? ఎండలు ఎక్కువయ్యాయి, నీకు మతి పోయింది, సెలవు పెట్టి బస్రాకి వచ్చెయ్ అని వాడు ఫోన్ పెట్టేశాడు.

నా దగ్గరున్న తొంభై రెండు ఫొటో తెరిచాను. వాడు చెప్పింది నిజమే. నిండు హోర్ మధ్యలో తెల్లటి ఉప్పుచెక్క. దాని అంచున మొదలై ఊరి వైపు సన్నటి గీత ఒకటి ఉంది. చసీబ్ టాంకర్ దారి. ఆ దారి పడి మూడేళ్లు కూడా కాలేదు.

సాయంత్రానికి దుమ్ము తర్వాతి కొత్త ఫొటో వచ్చింది. అలవాటు కొద్దీ మబ్బులు తుడవడానికి పెట్టాను. ప్రోగ్రాం రెండు మబ్బులు చూపించింది. ఒకటి హోర్ లోపల. ముసుగు తీసి చూశాను. ఎండునేల మధ్యలో ఒక నల్లటి గడి, దాని మీంచి లేత నీలంగా సన్నటి పొగ. దోమలు రాకుండా గేదెల దగ్గర పిడకల పొగ వేస్తారే, అలాంటి పొగ. లోపల మనుషులున్నారో లేదో తెలియదు. ఆమెకు నేనే చెప్పాను కదా, ఇంత పైనుంచి మనిషి కనబడడని.

రెండో మబ్బు ఈ బడి మీద ఉంది.

బయటికి వెళ్లి తలెత్తి చూశాను. ఆకాశం తుడిచినట్టుంది. పొద్దు వాలుతోంది. అప్పుడు విన్నాను. ఉప్పునేలకి అవతల నుంచి, ఈసారి మా వైపుకి.

"ధహబా... తా... తా... తా..."

ఆమె మనిషి పేరు పిలవదు. ఆ మాట మీద నిలబడే మనిషి. ఆమె పిలిచేది నన్ను కాదని నాకు నేనే చెప్పుకుంటున్నాను. కానీ ఆ పిలుపు వినబడిన ప్రతిసారీ నా కాళ్లు వాటంతటవే లేస్తున్నాయి. భయం కంటే నాకు సిగ్గుగా ఉంది. వెళ్లాలని ఉంది.

లోపలికి వచ్చి గడియ పెట్టుకున్నాను. తెర మీద బడి ఉన్నచోట చిల్లు నల్లగా తెరుచుకుని ఉంది. దాని పక్కన చిన్న గడి, ఏ ఏడాది ఫొటోతో నింపాలని అడుగుతోంది. నేను కీబోర్డు ముట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

గడిలో 1992 అని ఉంది. తలుపు కింద నుంచి నేల తడుస్తోంది.